బాపు మెయిల్ నిండిపోయింది, పైగా ఎవరిదో లోన్ నోటీసు వస్తోంది. దారి చెప్పండి

హంటర్‌రోడ్ బిడ్డ
నమస్తే అందరికీ. మా బాపు భూపాలపల్లి సింగరేణిలో చేసి రిటైర్ అయ్యాడు. ఆయన జీమెయిల్ నిండిపోయింది. వారం నుంచి కొత్త మెయిల్ ఒక్కటీ రావట్లేదు. పింఛను కాగితాల గురించి పంపిన మెయిల్ కూడా తిరిగి వెళ్లిపోయిందట. తెరిచి చూస్తే పదకొండు వేల మెయిల్స్! బట్టల సేల్, లోన్ ఆఫర్లు, రమ్మీ, ఎప్పుడో కొన్న మిక్సీ కంపెనీ పండుగ శుభాకాంక్షలు. వీటన్నిటినీ ఒకేసారి తీసేసే దారి ఉందా? అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కొచ్చా, నొక్కితే ఇంకా ఎక్కువ వస్తాయా? కొత్త మెయిల్ తెరవడమే మంచిదా?
ఇంకొకటి, నాకు అసలు టెన్షన్ దీని గురించే. ఎవరిదో బైక్ లోన్ మెయిల్స్ బాపుకు వస్తున్నాయి. వాళ్ల అడ్రసులో పేరుకు, ఇంటిపేరుకు మధ్య చుక్క ఉంది, బాపు దాంట్లో లేదు. అంతే తేడా. ఇప్పుడు కిస్తీ కట్టలేదని నోటీసు కూడా వచ్చింది.

కాజీపేట జంక్షన్
అక్కా, ఉత్తగా డిలీట్ చేస్తే రేపు మళ్లీ వస్తాయి. అడగకుండా వచ్చినవాటిని స్పామ్ అని రిపోర్ట్ కొట్టాలి. అప్పుడే జీమెయిల్‌కు తెలుస్తుంది. నేను రెండు నెలలు రోజూ పొద్దున కూర్చొని కొట్టాను. ఇప్పుడు నా ఇన్‌బాక్స్ అద్దంలా ఉంది.

కొత్తవాడ మగ్గం
స్పామ్ స్పామ్ అని అన్నీ కొట్టకండి. నా అనుభవం వినండి. మా వరంగల్ దర్రీలకు (నేత తివాచీలకు) 2018లో జీఐ, అంటే ఆ ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత బయటి ఊళ్ల వాళ్లు మెయిల్‌లో అడగడం మొదలుపెట్టారు. ఒకాయన కొలతలు, రంగులు, ఫొటోలు అన్నీ పెట్టి మంచి ఆర్డర్ పంపాడు. అది స్పామ్‌లో పడింది, నేను చూడలేదు. స్పామ్‌లో పడ్డది 30 రోజులకు దానంతటదే పోతుందని నాకు అప్పటికి తెలియదు. రెండు నెలలకు ఆయనే ఫోన్ చేశాడు, జవాబు రాలేదని వేరే చోట చేయించుకున్నానని. ఆ చలికాలం రెండు మగ్గాలకు పని ఉండేది. ఇప్పటికీ కడుపులో మండుతుంది. వారానికి ఒకసారైనా స్పామ్ తెరిచి చూడండి.

సర్వర్ మాస్టర్
నేను 14 ఏళ్లుగా ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెయిల్ సర్వర్ చూస్తున్నాను కాబట్టి నేను చెప్పేది వినండి. చుక్క ఉన్న అడ్రసు వేరే మనిషిది, చుక్క లేనిది మీ నాన్నగారిది. అతనివి మీకు వస్తున్నాయంటే మీవి కూడా అతనికి పోతున్నాయి. రెండు ఖాతాలు కలిసిపోయాయి, అంటే హ్యాక్ అయింది. వెంటనే ఆ ఖాతా మూసేయండి.

హంటర్‌రోడ్ బిడ్డ
అయ్యో సార్, బాపు బ్యాంకు, ఆధార్ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. మూసేయాలా?

ఓరుగల్లు కోట
అక్కా, ఏదీ మూసేయకండి! మాస్టర్ గారు చెప్పింది తప్పు. జీమెయిల్‌లో చుక్కకు లెక్కే లేదు. పేరులో ఎక్కడ చుక్క పెట్టినా, అసలు పెట్టకపోయినా అది ఒక్క ఖాతానే. బాపు అడ్రసులో చుక్క చేర్చి ఇంకొకరు ఖాతా తెరవలేరు. కాబట్టి ఆ బైక్ ఆయనకు ఆ అడ్రసే లేదు. లోన్ రాసేటప్పుడు ఎవరో తప్పు అడ్రసు రాశారు. బాపువి ఎవరికీ పోవట్లేదు.

సర్వర్ మాస్టర్
తమ్మీ, నీ వయసెంత? మా కాలేజీలో ఒకే పేరుతో ఇద్దరు లెక్చరర్లున్నారు. ఒకరికి చుక్క ఉంది, ఒకరికి లేదు. ఇద్దరికీ వేర్వేరుగా మెయిల్స్ పోతాయి. ఆ ఖాతాలు నేనే నా చేతులతో చేశాను.

ఓరుగల్లు కోట
అది మీ కాలేజీ సొంత డొమైన్ సార్, అక్కడ చుక్కకు లెక్క ఉంటుంది. యాహూలో, అవుట్‌లుక్‌లో కూడా ఉంటుంది. నేను అనేది చివర జీమెయిల్.కామ్ ఉన్నవాటి సంగతి. ఇక్కడ వయసెందుకు? మీ జీమెయిల్‌కు మీరే చుక్క మార్చి ఒక మెయిల్ పంపుకోండి, నిమిషంలో తేలిపోతుంది.

సర్వర్ మాస్టర్
నేను పంపుకోవాల్సిన అవసరం లేదు.

కాజీపేట జంక్షన్
నేను పంపాను. మూడు చుక్కలు పెట్టి పంపినా నాకే వచ్చింది. తమ్ముడు చెప్పిందే కరెక్టు.

సుబేదారి రిటైర్డ్ బ్యాంక్
చుక్క సంగతి తేలింది కానీ, అసలు ఆ నోటీసు నిజమైనదేనా అని ఎవరూ అడగలేదు. కిస్తీ కట్టలేదు, ఇక్కడ నొక్కి కట్టండి అని మోసగాళ్లు కూడా పంపుతారు. పంపిన పేరు చూసి నమ్మొద్దమ్మా, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. లింకు ఎక్కడికి తీసుకుపోతుందో చూడాలి. రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31 లోపు బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను బ్యాంక్.ఇన్ అనే ముగింపుకు మార్చుకోవాలని చెప్పింది. ఫైనాన్స్ కంపెనీలకు అది వర్తించదు కాబట్టి మీ విషయంలో లింకు ముట్టుకోకుండా, కంపెనీ వెబ్‌సైట్‌ను మీరే వెతికి అక్కడున్న నంబరుకు ఫోన్ చేయండి.

నక్కలగుట్ట నెట్ సెంటర్
నేనొకటి చెప్పాలి, తిట్టకండి. ఆ తప్పు అడ్రసులు ఎట్లా వస్తాయో నాకు తెలుసు. ఫారంలో మెయిల్ దగ్గర ఎర్ర నక్షత్రం గుర్తు ఉంటుంది, అది నింపకపోతే ముందుకు పోదు. వచ్చిన రైతుకు మెయిల్ ఉండదు. బయట ఇరవై మంది నిలబడి ఉంటారు. అప్పుడు పేరు, ఇంటిపేరు కలిపి ఏదో ఒకటి కొట్టేస్తాం. షోరూముల్లో లోన్ రాసే పిల్లలు కూడా ఇదే చేస్తారు. అది ఎవరిదో అయి ఉంటుందని ఇన్నాళ్లూ నేను ఆలోచించలేదు.

కొత్తవాడ మగ్గం
ఆలోచించలేదా? ఆ రైతుకు రావాల్సిన కాగితం ఎవరికో పోతుంది, వీళ్ల బాపుకు ఎవరిదో నోటీసు వస్తుంది. ఇరవై మంది ఉంటే ఇరవై మందికీ తప్పు రాస్తావా?

నక్కలగుట్ట నెట్ సెంటర్
అన్నా, ఒక్కో ఫారానికి నాకు వచ్చేది చాయ్ పైసలు. మెయిల్ లేని మనిషికి ఏం రాయాలో మీరు చెప్పండి, అదే రాస్తా.

ఎనుమాముల యార్డు
తమ్ముని మీద పడితే ఏం లాభం? మెయిల్ తప్పనిసరి అని పెట్టినవాళ్లను అడగాలి. యార్డుకు వచ్చే రైతుల్లో ఎంతమందికి మెయిల్ ఉంటుంది? నాకైతే మెయిల్స్ కంటే ఫోన్లే ఎక్కువ. కాంటా పెట్టే టైములో లోన్ కావాలా అని ఫోన్. దీన్ని ఆపేది ఎట్లా?

కాజీపేట జంక్షన్
1909కి చెప్పి డీఎన్‌డీ, అంటే ప్రచారం కాల్స్ వద్దని పెట్టించు అన్నా. అయినా చేస్తే దానికే ఫిర్యాదు చెయ్యొచ్చు. కానీ అది కాల్స్‌కు, మెసేజ్‌లకే. మెయిల్స్‌కు అట్లాంటి నంబరు లేదు. ఈసారి చపాటా మిర్చి ఎట్లా ఉంది, మా చెల్లె పచ్చళ్లకు అడుగుతోంది.

ఎనుమాముల యార్డు
రంగు బాగుంది. పోయిన సారి కంటే తక్కువ సరుకు వస్తోంది. కావాలంటే పొద్దున్నే రా.

కేయూ హాస్టల్
మధ్యలో వస్తున్నందుకు సారీ. నాకు రాత్రి ఒక మెయిల్ వచ్చింది. పైన నా పాస్‌వర్డ్ రాసి ఉంది, అది నిజంగా నాదే. నా కెమెరాలో అంతా రికార్డు చేశాడట, బిట్‌కాయిన్ పంపకపోతే అందరికీ పంపుతాడట. నిద్ర పట్టలేదు. ఇంట్లో చెప్పలేను.

సుబేదారి రిటైర్డ్ బ్యాంక్
బాబూ, ముందు అన్నం తిను. వాడి దగ్గర ఏ వీడియో ఉండదు. నువ్వు ఎప్పుడో ఏదో వెబ్‌సైట్‌లో పెట్టిన పాస్‌వర్డ్ అక్కడి నుంచి బయటపడింది. ఆ జాబితా పట్టుకొని అదే ఉత్తరం వేలమందికి పంపుతారు. మా అబ్బాయికీ అచ్చం అట్లాంటిదే వచ్చింది. పైసా పంపకు, జవాబు రాయకు. ఆ పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ ఇంకా వాడుతున్నావో అక్కడంతా మార్చు, రెండంచెల వెరిఫికేషన్ పెట్టు. ఎవరైనా డబ్బు పంపి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కేయూ హాస్టల్
అది ఇంటర్‌లో పెట్టిన పాత పాస్‌వర్డ్ సార్. ఇప్పుడు మార్చేశాను. చాలా థాంక్స్.

ఓరుగల్లు కోట
హంటర్‌రోడ్ అక్కా, మీరు అడిగిన మొదటి దానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. పదకొండు వేల మామూలు మెయిల్స్‌తో 15 జీబీ నిండదు. ఆ 15 జీబీలో మెయిల్ ఒక్కటే కాదు, డ్రైవ్, ఫొటోలు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఉంటాయి. ముందు స్టోరేజీ పేజీలో ఏది ఎంత తింటుందో చూడండి. అన్‌సబ్‌స్క్రైబ్ సంగతి: మీరు నిజంగా కొన్న కంపెనీ అయితే నొక్కండి. జీమెయిల్‌కు రోజుకు 5000 పైన పంపే కంపెనీలు ప్రచారపు మెయిల్స్‌కు ఒక్క నొక్కుతో ఆపే సదుపాయం ఇవ్వాలని గూగుల్ 2024లో నిబంధన పెట్టింది. పంపినవాళ్ల పేరు పక్కనే కనపడుతుంది. రమ్మీ, లాటరీలాంటి ముక్కూ మొహం తెలియని వాటిలో మాత్రం నొక్కకండి. ఈ మెయిల్ చూసే మనిషి ఉన్నాడని వాళ్లకు తెలిసిపోతుంది. వాటిని స్పామ్ కొట్టండి.

సర్వర్ మాస్టర్
ఆ చివరి మాట కరెక్టు. చుక్క గురించి కూడా పంపుకొని చూశాను. జీమెయిల్‌లో తమ్ముడు చెప్పినట్టే ఉంది. ఖాతా మూసేయమన్నందుకు అమ్మాయికి క్షమాపణ.

హంటర్‌రోడ్ బిడ్డ
పర్వాలేదు సార్. చూశాను, వాట్సాప్ బ్యాకప్ ఒక్కటే 9 జీబీ! బాపుకు రోజూ వచ్చే దేవుడి వీడియోలన్నీ దాంట్లోనే ఉన్నాయి. బ్యాకప్ తగ్గించగానే రాత్రికే మెయిల్స్ రావడం మొదలైంది. లోన్ కంపెనీకి ఫోన్ చేశాను. నోటీసు నిజమే. మెయిల్ మార్చండి అంటే, మీరు మా కస్టమర్ కాదు, కస్టమరే అడగాలి అంటున్నారు. ఆ కస్టమర్‌కు ఈ నోటీసే అందట్లేదు కదా! వాళ్ల ఫిర్యాదుల అధికారికి రాసి పెట్టాను.

నక్కలగుట్ట నెట్ సెంటర్
నిన్న ఐనవోలు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. మెయిల్ లేదంది. ఏదో ఒకటి కొట్టబోయి ఆగాను. మనవనికి ఫోన్ కలిపి, వాడి మెయిల్ ఒక్కో అక్షరం చెప్పించుకొని, మళ్లీ చదివి వినిపించాను. పది నిమిషాలు పట్టింది. వెనక వాళ్లు లొల్లి చేశారు.

కొత్తవాడ మగ్గం
చెయ్యనీ తమ్మీ. మంచి పని చేశావు.

ఎనుమాముల యార్డు
అక్కా, ఆ వాట్సాప్ బ్యాకప్ ఎక్కడ తగ్గించాలో చెప్పవా? నాది కూడా నిండిందని పొద్దున్నుంచి చూపిస్తోంది.

హంటర్‌రోడ్ బిడ్డ
వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, దాంట్లో చాట్ బ్యాకప్. అక్కడ వీడియోలు కలపాలా అని ఉంటుంది, అది ఆపేసి మళ్లీ ఒకసారి బ్యాకప్ నొక్కు అన్నా. ముందు కావాల్సిన వీడియోలు కంప్యూటర్‌లోకి తీసుకో.