బోటి, నాబోటి, బోటీ కబాబ్: ఇవి చుట్టాలేనా?

పుణెలో తెనాలివాడు (అడిగినవారు)

అందరికీ నమస్కారం. సందేహం చిన్నదే, కానీ దానివల్ల నా పరువు పోయింది.

పోయిన వారం ఆఫీసు వాళ్లతో భోజనానికి వెళ్లాం. పక్క సీట్లో కూర్చునే లక్నో కుర్రాడు అందరికీ కలిపి బోటీ కబాబ్ చెప్పాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి, "పేగులు నేను తినను, మీరు కానివ్వండి" అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా చేతిలో రొట్టె ముక్కలు కింద పెట్టేశారు. తీరా ప్లేటు వచ్చాక చూస్తే ఎముక లేని మాంసం ముక్కలు, పెరుగూ మసాలా పట్టించి నిప్పుల మీద కాల్చినవి. మనకు బోటి అంటే మేక పొట్ట, పేగులు. హిందీలో బోటీ అంటే ముక్క అట! ఇప్పుడు క్యాంటీన్‌లో నేను ఏ గిన్నె మూత తీసినా "ఇందులో పేగులున్నాయా" అని అడుగుతున్నారు.

మన బోటి ఎక్కడి నుంచి వచ్చింది? "నాబోటివాడు" అంటాం కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా? ఇంకోటి, మా అమ్మమ్మ భాగవతం చదువుతూ "బోటి అంటే ఆడమనిషిరా" అని చెప్పేది. నేనూ మా తమ్ముడూ వంటింట్లోకి పరిగెత్తి మరీ నవ్వేవాళ్లం.

రిటైరైన తెలుగు మాస్టారు

నాయనా, మీ అమ్మమ్మ గారు చెప్పింది నిజమే. పాత కావ్యాల్లో బోటి అంటే స్త్రీ. పద్యంలో "ఓ బోటీ" అని పిలుపు కనిపిస్తే చెలికత్తెను పిలుస్తున్నట్టు. తరగతిలో ఆ పద్యం వచ్చిన రోజున వెనక బెంచీల నుంచి గోంగూర బోటి కూర ప్రసక్తి రాకుండా పాఠం సాగిన గుర్తు నాకు లేదు.

"నాబోటివాడు, మీబోటి పెద్దలు" అనేచోట బోటి అంటే వంటి, సాటి. పోలు, పోలిక, పోటి అన్న మాటల ఇంట్లో పుట్టినదని నా ఊహ. పోటీ పడటం అన్నా సాటిగా నిలబడటమే కదా.

మీరు తినని బోటి మూడోది. మూడూ ఒకే అక్షరాలతో ఉన్నాయి తప్ప అర్థంలో ఒకదానికొకటి తగలవు. ఇంటిపేర్లు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు. స్త్రీ అనే అర్థమున్న పూబోడిని కూడా ఎవరో ఒకరు లాక్కొస్తారు, ఆవిడ దారి వేరు, వదిలేయండి.

పాతబస్తీ భాయ్

ఉర్దూలో బోటీ అంటే కోసిన ముక్క. "బోటీ బోటీ చేస్తా" అని సినిమా విలన్లు బెదిరించేది అదే, ముక్కలు ముక్కలుగా నరుకుతానని. పొట్టలోదాన్ని ఉత్తరాదిలో ఓఝ్రీ అంటారు. కాబట్టి మీ లక్నో మిత్రుడి తప్పేం లేదు అన్నా.

ఇంకో తమాషా చూడండి. ఉత్తరాదిలో చఖ్నా అంటే మందులోకి నంజుకునే పల్లీలు, మిక్చరు. మా హైదరాబాద్‌లో చాక్నా అడిగితే పొట్ట, పేగులు, కార్జం ముక్కలు వేసి కారంగా ఉడికించిన పులుసు వస్తుంది. పల్లీల కోసం చేయి చాచిన ఢిల్లీ వాళ్ల మొహాలు నేను చూశాను. మీ కథ తిరగేస్తే అదే.

బెంగళూరు తెలుగమ్మాయి

ఉర్దూ నుంచే వచ్చిందని తేల్చేయకండి. ఇక్కడ కన్నడం వాళ్లు కూడా పేగుల కూరని బోటి గొజ్జు అంటారు. తమిళంలో కుడల్ అన్న మాట ఉన్నా, కొన్నిచోట్ల బోటి అనే అంటారు. దక్షిణాదిలో మూడు భాషల వాళ్లు ఒక అర్థంలో, ఉత్తరాది అంతా ఇంకో అర్థంలో వాడుతున్నారు. అరువు తెచ్చుకున్న మాటైతే మూడు భాషల్లోనూ ఒకేలా అర్థం ఎందుకు మారింది?

పాతబస్తీ భాయ్

కసాయి దుకాణంలో మారి ఉంటుంది. ముక్కల్లో చవక ముక్క పేరే మిగిలిపోయి ఉంటుంది.

రిటైరైన తెలుగు మాస్టారు

ఉంటుంది, ఉంటుంది అంటూ వ్యుత్పత్తి రాస్తే నా బోటీలూ బోటీలూ తీస్తారు మా గురువుగారు, పైలోకం నుంచి దిగొచ్చి. ఆధారం దొరికేదాకా రెండు వాదాలూ అలా ఉండనివ్వండి.

కరీంనగర్ అన్న

మాటల సంగతి మీరు చూసుకోండి, తినేది మేం చూసుకుంటాం. కానీ ఒకటి చెప్పాలె. మా దిక్కు "కూర" అంటేనే మాంసం. "ఇయ్యాల కూర తెచ్చిన" అంటే బెండకాయ అనుకునేటోడు మా ఊరోడు కాదు. కోస్తా నుంచి వచ్చిన మా బావ మొదటిసారి ఆ మాట విని, "ఏం కూర?" అని మూడుసార్లు అడిగిండు. కూరనే బావా అని మూడుసార్లూ చెప్పినం.

అట్లనే నల్ల. మేకను కోసినప్పుడు నెత్తురు గిన్నెలో పట్టి, ఉప్పేసి గడ్డ కట్టనిస్తరు. దాన్ని ఉడికించి, చిదిమి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతో పొరటు లెక్క వేయిస్తే అది నల్ల. ఎర్రటిది పొయ్యి మీద నల్లబడుతది, అందుకే ఆ పేరు అని మా నాయిన చెప్పేటోడు. హైదరాబాద్‌ల నల్లా తిప్పితే నీళ్లొస్తయి, అది వేరే.

రిటైరైన తెలుగు మాస్టారు

మీ నాన్నగారి మాటకు ఎదురు చెప్పడం కాదు గానీ, నల్ల అంటే నెత్తురు అన్న అర్థం పాత నిఘంటువుల్లోనే ఉంది. యుద్ధ వర్ణనల్లో కవులు వాడిన మాట అది. పుస్తకాల్లో చచ్చిపోయిందనుకున్న మాట మీ ఊరి పెనం మీద బతికే ఉందన్నమాట. నలభై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఈ కూర ఉందని ఇవాళే తెలిసింది.

కరీంనగర్ అన్న

సార్, రండి ఒకసారి. తినకున్నా సరే, మాట వినిపోదురు.

గుంటూరు గారాబం

క్షమించాలి, ఇది భాషా చర్చ అనుకుని తెరిచాను. నెత్తురు పొరటు దగ్గర ఆపేశాను. మాబోటివాళ్లం మాంసం తింటాం గానీ ఇవన్నీ తినం. మెత్తటి ముక్క, మహా అయితే మూలుగ ఉన్న దుమ్ము, అంతవరకే.

పాలమూరు నుంచి

అక్కా, కోపం తెచ్చుకోవద్దు, మీ వాక్యంలోనే నాకు ఈ చర్చ అంతా కనపడింది. "మాబోటివాళ్లం" అన్నారు చూడండి, ఆ బోటి ఈ బోటిని ఎందుకు తినదో మా ఊరి జాతరలో తెలుస్తుంది. యాటను కోశాక మాంసం పోగులు పెడతారు. తొడ, వీపు, పక్కటెముకలు డబ్బులు పెట్టినవాళ్ల పోగుల్లోకి. తల, కాళ్లు, పొట్ట మాత్రం కోసినవాళ్లకి, కడిగినవాళ్లకి, డప్పు కొట్టినవాళ్లకి. మా తాత డప్పు కొట్టేవాడు. మా నానమ్మకు తొడ మాంసం వండటం సరిగా వచ్చేది కాదు, అలవాటు లేక. బోటి మాత్రం ఆవిడలా వండినవాళ్లు మళ్లీ కనపడలేదు. ఇప్పుడు అదే బోటి ఫ్రై హోటల్లో అరటాకు మీద నిమ్మకాయ ముక్క పెట్టి తెస్తున్నారు, మటన్ ఫ్రై రేటుకే.

గుంటూరు గారాబం

కోపం ఏమీ లేదు తమ్ముడూ. ఆ కోణంలో ఆలోచించకుండా రాశాను. తినకపోవడం మాత్రం వాసన వల్లే, నమ్మండి.

పాలమూరు నుంచి

వాసన నిజమే అక్కా. సరిగా కడగకపోతే నేనూ తినను.

రాజమండ్రి వంటింటి నుంచి

మాస్టారూ, నాదొక పరిశీలన. హోటల్ బోర్డు మీద "మెదడు వేపుడు" అని ఎప్పుడైనా చూశారా? బ్రెయిన్ ఫ్రై అనో భేజా ఫ్రై అనో ఉంటుంది. కార్జం వేపుడు అనరు, లివర్ ఫ్రై అంటారు. గిట్టల పులుసు అనరు, పాయా అంటారు. మన భాషలో పేరు పెడితే అది మన ఒంట్లో కూడా ఉందని గుర్తొస్తుందేమో, పక్క భాషలో అయితే అదొక వంటకం. మా అబ్బాయి లివర్ అంటే ఎగబడతాడు. "కార్జం తెచ్చానురా" అన్న రోజు కంచం దగ్గరికి రాలేదు. ఒకటే ముక్క, ఒకటే మూకుడు!

అసలు పేగుల కూర అని మెనూలో రాస్తే ఎంతమంది అడుగుతారు? బోటి అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, ఆ కూరని మాత్రం అదే నిలబెట్టింది.

పాతబస్తీ భాయ్

పాయా అంటే కాలే కదా ఆంటీ. మనవాళ్లు మళ్లీ "కాళ్ల పాయా" అంటారు. కాళ్ల కాళ్లు! అయినా రుచి తగ్గలేదు.

రిటైరైన తెలుగు మాస్టారు

అమ్మా, మీ మాట చాలావరకు ఒప్పుకుంటాను. కానీ తలకాయ కూరను ఏం చేస్తారు? అచ్చ తెలుగు పేరుతో బోర్డు మీద నిక్షేపంగా కూర్చుని ఉంది.

నాకేమనిపిస్తుందంటే, అక్కడ "కాయ" కాపాడింది. తలకాయ, గుండెకాయ, కందనకాయ, మెడకాయ. కాయ చేర్చగానే అవయవం కాస్తా తోటలో కాసినదైపోయింది. తల కూర అని చూడండి, ముద్ద దిగదు. తలకాయ కూర అంటే జొన్నరొట్టె వెతుక్కుంటాం. మనుషుల విషయంలో మాత్రం ఈ కాయ మర్యాద తగ్గిస్తుంది. పెద్దలకి తలనొప్పి వస్తుంది. "వాడొక తలకాయనొప్పి" అంటే అర్థం వేరు.

డాలస్ బాబాయ్

మాకు ఇక్కడ మెక్సికన్ దుకాణాల్లో ఆవు పొట్ట దొరుకుతుంది. వాళ్లు మెనూడో అనే పులుసు చేసుకుంటారు దానితో. తెల్లగా, తువ్వాలులా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. మేక బోటి కావాలంటే హలాల్ దుకాణానికి పోవాలి. ఊపిరితిత్తులు మాత్రం ఎక్కడా అమ్మరు, 1971 నుంచి ఈ దేశంలో వాటిని మనుషుల తిండిగా ఒప్పుకోరు. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులతో చేసే స్కాట్లాండ్ వాళ్ల వంటకం హాగిస్‌కి కూడా అదే అడ్డం పడింది. తిత్తి అన్న మాట ఎంత బాగుందో ఇన్నేళ్ల తర్వాత గమనించాను. కమ్మరి కొలిమికి ఉన్నది తిత్తి, మనకి ఉన్నది ఊపిరితిత్తి.

పుణెలో తెనాలివాడు (అడిగినవారు)

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. లక్నో కుర్రాడికి ఇదంతా హిందీలో చెప్పాను. "అయితే మీ బోటి వండి పెట్టు, అప్పుడు నవ్వడం ఆపుతాం" అన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగి తినలేదు, అయినా ఒప్పుకున్నాను. ఇక్కడ కసాయి దుకాణంలో ఏమని అడగాలి? బోటి అంటే మళ్లీ ముక్కలే కట్టిస్తాడు కదా?

పాతబస్తీ భాయ్

మరాఠీలో వజ్డీ అంటారు అన్నా. వజ్డీ అని అడగండి. ఏ భాషలో అడిగినా ఆదివారం పొద్దున ఏడు దాటితే మిగలదు.

రాజమండ్రి వంటింటి నుంచి

బాబూ, కడిగేది ఎవరు? మీ ఆవిడని అడిగారా?

పుణెలో తెనాలివాడు (అడిగినవారు)

అడిగాను ఆంటీ. ఆదివారం పుట్టింటికి వెళ్తానంది.

రాజమండ్రి వంటింటి నుంచి

మంచి పని చేసింది. అయితే శ్రద్ధగా వినండి. పొట్ట భాగాన్ని బాగా వేడి నీళ్లలో ముంచి వెంటనే తీసి, కత్తి వెనక వైపుతో గీకండి, నల్లపొర ఊడి వస్తుంది. నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే ఆ పొర ఇంకా బిగుసుకుపోతుంది, అక్కడే అందరూ దెబ్బతింటారు. మొండికేస్తే కొంచెం తినే సున్నం రాసి గీకండి, తర్వాత చాలాసార్లు కడగాలి. పేగుల్ని జానెడు ముక్కలుగా కోసి, చీపురుపుల్లతో లోపలిది బయటికి తిప్పాలి. రాళ్ల ఉప్పు, పసుపు వేసి పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. తర్వాత పసుపు నీళ్లలో ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు కుక్కర్. ఏడెనిమిది విజిల్స్ పడుతుంది. గోంగూర మాత్రం చివర్లో, విడిగా మగ్గించి కలపండి. ముందే వేస్తే పులుపుకి బోటి మెత్తబడదు.

కరీంనగర్ అన్న

గోంగూర దొరకకుంటే చింతచిగురు, అదీ లేకుంటే శనగపప్పు. అన్నా, కిటికీలు మాత్రం తెరిచి పెట్టు.

పుణెలో తెనాలివాడు (అడిగినవారు)

చీపురుపుల్ల అంటే కొత్త చీపురుదేనా?

గుంటూరు గారాబం

దేవుడా. కొత్తదే నాయనా, కొత్తదే.