టెలిస్కోప్ స్తంభం వణుకుతోంది, ముందు ఏది సరిచేయాలి?

పది అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే) టెలిస్కోపు కోసం పెరట్లో స్తంభం పెట్టుకున్నాను. నాలుగు అంగుళాల ఇనప పైపు, ఎత్తు 1.5 మీటర్లు, కింద కాంక్రీటు దిమ్మ. చేత్తో తోస్తే కదల్లేదు, ఇక టెన్షన్ లేదనుకున్నాను. తీరా 200 రెట్లు పెట్టి శనిని చూస్తూ ఫోకస్ తిప్పితే, వలయాలు వణికి వణికి ఐదు సెకన్లకు గానీ కుదుటపడవు. కాస్త గాలి వీచినా ఫోటోలో నక్షత్రాలు గీతల్లా సాగుతున్నాయి.

లెక్క వేస్తే కొంత అర్థమైంది. ఎత్తు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. గోడ మందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. సన్నగా, పొడుగ్గా కట్టి రెండు విధాలా దెబ్బతిన్నాను.

అయినా నా అనుమానం పైభాగం మీదే. లెవెల్ కోసం మౌంటు (టెలిస్కోపుని పట్టుకుని తిప్పే భాగం) కూర్చునే ప్లేటుని మూడు పొడవాటి బోల్టుల మీద ఎత్తి పెట్టాను, కింద నాలుగు అంగుళాల ఖాళీ. నాలాంటి ఈక్వటోరియల్ మౌంటుకి (భూమి అక్షానికి సమాంతరమైన ఇరుసు మీద తిరిగేది) ఆకాశ ధ్రువం వైపు గురి కుదిరితే చాలని, లెవెల్ అక్కర్లేదని తర్వాత తెలిసింది.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: బోల్టులు తీసేసి ప్లేటుని నేరుగా బిగించనా? పైపులో ఎండు ఇసుక పోస్తే వణుకు త్వరగా ఆగుతుందంటారు, మీకు తేడా కనిపించిందా? ఇంకోటి, గచ్చుకీ దిమ్మకీ మధ్య సందు వదల్లేదు. పక్కన ఎవరైనా అడుగేస్తే బొమ్మ గెంతుతోంది. గచ్చు కోసి సందు చేస్తే సరిపోతుందా, దిమ్మే పగలగొట్టాలా? (ఆ మాట మేస్త్రీకి చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.)