క్రో పాట్రిక్ కొండ మీద ప్రదక్షిణలు ఎలా చేస్తారు?

కొండదారి: ఐర్లండ్, మేయో కౌంటీలోని క్రో పాట్రిక్ ఎక్కేవాళ్లు మూడు చోట్ల ప్రదక్షిణలు చేస్తారట. ఎక్కడెక్కడ, ఎన్నెన్ని? పెద్ద యాత్ర జరిగే జూలై చివరి ఆదివారమే వెళ్లాలా? ఐర్లండ్ పాలక పునీతుడు పాట్రిక్ పాముల్ని తరిమాడనే కథ ఉందిగా, తరిమింది అక్కడినుంచేనా?

జపమాల: మొదటిది శిఖరపు శంకువు మొదట్లో ఉన్న రాళ్లకుప్ప, లాఖ్ట్ బెనాన్. బెనాన్ పాట్రిక్ శిష్యుడు. కుప్ప చుట్టూ 7 సార్లు తిరుగుతూ పరలోక జపం 7, మంగళవార్త జపం 7, విశ్వాస సంగ్రహం ఒకటి చెప్పాలి. శిఖరం మీద ముందు మోకరించి అవే జపాలు. తర్వాత అక్కడి గుడి (చర్చి) చుట్టూ 15 సార్లు, ఆపైన పాట్రిక్ పడుకున్నాడని చెప్పే చోటు, 'పాట్రిక్ పడక' చుట్టూ 7 సార్లు. చాలామంది వదిలేసేది మూడోది, మూడు రాళ్లకుప్పలున్న ఆవరణ, రెలిగ్ విరా. అది పడమటి వైపు, కొంచెం దిగువన ఉంటుంది. కొండ కింది మరిస్క్ ఊరి నుంచి ఎక్కి అటే దిగిపోయేవాళ్లకు దారిలో తగలదు. అక్కడ మూడు కుప్పలకూ విడివిడిగా ఏడేసి, చివర ఆవరణ మొత్తానికి 7. అన్నీ కుడిచేతి వైపు కుప్ప ఉండేలా, మన గుడి ప్రదక్షిణల దిశలోనే. లెక్క తప్పకుండా చేతిలో ఏడు గులకరాళ్లు పెట్టుకోండి, చుట్టుకొకటి వదలండి.

రాళ్లబాట: ఎత్తు 764 మీటర్లు, మరిస్క్ నుంచి రానూపోనూ సుమారు 7 కిలోమీటర్లు. నడిమి భుజం దాకా ఇబ్బంది లేదు. ఆపైన కాలికింద జారే క్వార్ట్‌జైట్ రాళ్లు. దిగేటప్పుడే ఎక్కువ ప్రమాదం: బరువంతా మడమ మీద పడి రాయి కదులుతుంది. కర్ర తప్పనిసరి. చెప్పుల్లేకుండా ఎక్కడం ఆచారంలో ఉంది గానీ షరతు కాదు. కింద ఎండగా ఉన్నా పైన మబ్బు కమ్మి గాలి కొరుకుతుంది, వానకోటు ఉంచుకోండి. ఆదివారం రద్దీ వద్దనుకుంటే జూలై చివరి శుక్రవారం వెళ్లండి, 'గార్లండ్ ఫ్రైడే' అంటారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పాత ఆనవాయితీ అదే.

పాతప్రతి: పాముల సంగతి: 7వ శతాబ్దపు బిషప్ తిరెఖాన్ రాతలో పాట్రిక్ ఇక్కడ 40 రోజులు ఉపవాసం ఉన్నాడు, కానీ వేధించినవి పక్షులు. పాములు తర్వాతి శతాబ్దాల కథల్లో చేరాయి. స్థానికులు చెప్పేది పాట్రిక్ తరిమిన కొరా అనే రాక్షసి గురించి. కొండ కింది లాక్ నా కొరా చెరువుకు ఆ పేరే. పాట్రిక్ దయ్యాల మీదికి విసరడంవల్లే నల్లబడిందని చెప్పే గంట డబ్లిన్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉంది.

కొండదారి: రెలిగ్ విరా కోసం అటువైపు దిగితే మళ్లీ శిఖరానికి ఎక్కాలా?

జపమాల: మరిస్క్‌కే తిరిగి రావాలంటే ఎక్కాలి. గంట అదనంగా పెట్టుకోండి.