అప్‌డేట్: కెంటకీ బాస్కెట్‌బాల్ రొటేషన్ (ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలన్న పంపకం) చివరికి ఇలా తేలింది

సీజన్ మొదట్లో అడిగాను కదా: 2024లో పాత కోచ్ కాలిపారి ఆర్కన్సా యూనివర్సిటీకి వెళ్లిపోయాక, కొత్త కోచ్ మార్క్ పోప్ దాదాపు అందరూ కొత్తవాళ్లతో కట్టిన అమెరికాలోని కెంటకీ యూనివర్సిటీ జట్టులో నిమిషాలు ఎలా పంచుతాడని. లెక్క చిన్నదే. 40 నిమిషాల ఆట, కోర్టులో ఐదుగురు, పంచుకోవడానికి 200 నిమిషాలే. పదిమందికి వడ్డిస్తే ఎవరికీ కడుపు నిండదు. ఎక్కువమంది 'ఎనిమిది మందికి కుదించేస్తాడులే' అన్నారు, నేనూ నమ్మాను.

తీరా చూస్తే కుదించింది కోచ్ కంటే గాయాలే. డిసెంబరులో గొంజాగా యూనివర్సిటీతో మ్యాచ్‌లో మన ఆటగాడు క్రీసా పాదం విరిగింది. తర్వాత బట్లర్‌కి భుజం, రాబిన్సన్‌కి మణికట్టు దెబ్బతిన్నాయి. బంతి నడిపేవాళ్లే కరువై ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి) ట్రావిస్ పెర్రీకి నిమిషాలు పెరిగాయి. మామూలుగా బుట్ట దగ్గరే ఆడే సెంటర్ అయ్యుండీ, ఏడడుగుల అమారీ విలియమ్స్ బంతి తీసుకుని పైకి రావడం నాకైతే భలే నచ్చింది! ఓక్లహోమా యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒవే టాప్ స్కోరర్ అవుతాడని నేను అస్సలు ఊహించలేదు, ఒప్పుకుంటున్నా.

ఆఖరికి జాతీయ కాలేజీ టోర్నీ స్వీట్ 16లో (చివరి 16 జట్ల రౌండ్) టెనెసీ చేతిలో ఓటమి. లీగ్‌లో మనం రెండుసార్లు ఓడించిన జట్టే అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.