నకలని తెలిసే రెప్లికా వాచీ కొనేటప్పుడు, మోసపోకుండా ఉండడం సాధ్యమేనా?

సెకన్లముల్లు:
రోలెక్స్ సబ్‌మెరైనర్ రూపం నాకు ఎంతో ఇష్టం, కానీ అసలు వాచీ కొనే స్తోమత లేదు. అసలుకూ నకలుకూ తేడా కనిపెట్టలేరంటూ ఆన్‌లైన్‌లో రెప్లికాలు అమ్ముతున్నారు. నకలని తెలిసే కొంటున్నప్పుడు అందులో మోసం ఎక్కడుందో నాకు అర్థం కావడం లేదు. డబ్బు పంపి ఖాళీ చేతులతో మిగలకుండా ఉండాలంటే అమ్మేవారిలో ఏమి చూడాలో, అసలు ఇలా కొనడం తప్పో కాదో పెద్దలు చెప్పగలరు.

పాతవాచీలు:
సెకన్లముల్లు గారూ, కొనేవారికి నిజం తెలుసు కాబట్టి మోసం లేదన్న వాదన అమ్మేవారికే పనికివస్తుంది. మామూలు సరుకు చేరకపోయినా, చెప్పినట్టు లేకపోయినా మనకు కార్డు ఇచ్చిన బ్యాంకును అడగగలం, వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్లగలం. నకలు సరుకును తెలిసే కొన్నానని ఒప్పుకుంటూ అదే ఫిర్యాదు ఎలా రాస్తారు? మీరు రాయలేరన్న సంగతి అమ్మేవారికి ముందే తెలుసు. అందుకే చాలామంది క్రిప్టో కరెన్సీలోనో, వెనక్కి రప్పించుకోలేని బదిలీ రూపంలోనో డబ్బు అడుగుతారు. కస్టమ్స్ వారు పొట్లాన్ని పట్టుకుంటే మళ్లీ పంపుతామని ఇచ్చే హామీ కూడా వట్టి మాటే, ఎందుకంటే దాన్ని నిలబెట్టుకోమని అడిగే హక్కు మీకు ఎక్కడా లేదు. ఇక "నమ్మదగిన అమ్మకందారుల" జాబితాల సంగతి చూస్తే, వాటిని రాసినవారికి కమీషన్ అందుతోందో లేదో బయటివారికి తెలిసే మార్గమే లేదు.

తూకం:
పాతవాచీలు గారి హెచ్చరికతో ఏకీభవిస్తాను, కానీ కొనేవారిని నేరస్థులుగా చూడడం నాకు సమ్మతం కాదు. మేధోసంపత్తి హక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాల మధ్య 1995లో అమల్లోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందంలోని 61వ అధికరణం వ్యాపార స్థాయిలో ఉద్దేశపూర్వకంగా చేసే ట్రేడ్‌మార్కు నకళ్లకే క్రిమినల్ శిక్షలను తప్పనిసరి చేసింది. ప్రయాణికుల సామానులోనో, చిన్న పొట్లాల్లోనో వచ్చే వ్యాపారేతర సరుకును సరిహద్దు తనిఖీల నుంచి మినహాయించే వీలును 60వ అధికరణం దేశాలకు ఇచ్చింది. రూపాన్ని ఇష్టపడి, తన చేతికే పెట్టుకుని, ఎవరికీ అసలుదని చెప్పి అమ్మని మనిషి వల్ల ఎవరికి నష్టం?

రిపేరుబల్ల:
తూకం గారూ, మీరు చెప్పిన మినహాయింపు ఇవ్వడమో మానడమో ఆయా దేశాల ఇష్టం, కాబట్టి దాన్ని కొనేవారి హక్కుగా లెక్క వేసుకోకూడదు. నష్టం ఎవరికన్న ప్రశ్నకు వాచీలు విప్పి బాగుచేసే మనిషిగా నా జవాబు ఇది: మొదటి నష్టం కొన్నవారికే.

సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమనకుండా సాఫీగా జారితే అసలుదనే నమ్మకం చాలామందిలో ఉంది. అది తప్పు. ఇప్పటి సబ్‌మెరైనర్ మూవ్‌మెంట్, అంటే ముళ్లను నడిపే లోపలి యంత్రం, గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు ఎనిమిది సార్లు కొట్టుకుంటుంది. అదే వేగంతో నడిచే మామూలు మూవ్‌మెంట్లు ఎన్నో ఉన్నాయి. పైగా రోలెక్స్ సంస్థే ఒకప్పుడు ఆయిస్టర్‌క్వార్ట్జ్ పేరుతో సెకనుకు ఒక్కసారి కదిలే ముల్లున్న వాచీలు చేసింది. బరువు, గాజు మీది భూతద్దం, డయల్ మీది అక్షరాలు అన్నీ అనుకరించగలిగినవే. లోపలి మూవ్‌మెంట్ చూడకుండా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అమ్మేవారు పంపే ఫొటోలోని వాచీయే మీకు చేరుతుందన్న భరోసా కూడా లేదు.

డయల్ మీద 300 మీటర్లని రాసి ఉన్నంత మాత్రాన ఆ నకలును నీళ్లలో ముంచవద్దని అందరినీ వేడుకుంటాను. ఆ అంకెకు ఎవరూ పూచీ పడలేదు. అది చెడిపోతే విడిభాగాలు దొరకవు, కంపెనీ సర్వీసు కేంద్రం ముట్టుకోదు.

చూపును ఎంత నమ్మవచ్చో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ జరిపిన వేలంలో ఒమేగా అనే మరో వాచీల సంస్థ చేసిన పాత స్పీడ్‌మాస్టర్ వాచీ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగా సంస్థే, తమ మ్యూజియం కోసం. అది వేరువేరు వాచీల భాగాలతో కూర్చినదని, అందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని 2023లో ఆ సంస్థే ప్రకటించింది. తయారుచేసినవారే మోసపోయిన చోట నాలుగు ఫొటోలు చూసి తేల్చుకోగలమనుకోవడం సాహసం.

తూకం:
స్పీడ్‌మాస్టర్ సంగతి నా వాదనను కొంత బలహీనపరిచిందని ఒప్పుకుంటాను. అయినా రూపం మీది ఇష్టం తప్పు కాదన్న మాట మీదే ఉన్నాను. ఆ ఇష్టాన్ని తీర్చే హోమేజ్ వాచీలు ఉన్నాయి. సబ్‌మెరైనర్ లాంటి డైవర్ వాచీ (నీటి అడుగున ఈదేవారి కోసం చేసినది) ఆకృతిని అనుసరిస్తూనే డయల్ మీద తమ సొంత పేరు వేసుకుంటాయి, చాలావాటిలో సీకో వారి ఎన్‌హెచ్35 మూవ్‌మెంట్ ఉంటుంది, బిల్లూ వారంటీ ఇస్తారు. సెకన్లముల్లు గారికి నేను అదే సూచిస్తాను.

సెకన్లముల్లు:
హోమేజ్ వైపే మనసు మొగ్గుతోంది. అయితే కొన్నాళ్లు డబ్బు దాచుకుని అసలు వాచీనే వాడినది కొనాలనుకుంటే, ఆన్‌లైన్‌లో ఎలా జాగ్రత్తపడాలి?

పాతవాచీలు:
అది సరైన ఆలోచన. రోలెక్స్ అయితే 2022 డిసెంబరు నుంచి అధికారిక డీలర్ల ద్వారా వాడిన వాచీలను తనే పరీక్షించి రెండేళ్ల గ్యారంటీతో అమ్మిస్తోంది. ధర ఎక్కువైనా, మొదటిసారి కొనేవారికి నా సలహా అదే. వ్యక్తుల దగ్గర కొనేటట్టయితే, మీరు చెప్పిన సమయానికి ముళ్లు తిప్పి, పక్కన ఆనాటి తేదీ చేతితో రాసిన కాగితం పెట్టి ఫొటో పంపమనండి. ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిన ఫొటోలతో అమ్మేవారు చాలావరకు అక్కడే తప్పుకుంటారు. వాచీతో వచ్చే గ్యారంటీ కార్డు మీది సీరియల్ నంబరూ వాచీ కేసు (బయటి లోహపు చట్రం) మీదిదీ కలవాలి, కానీ కార్డులకు కూడా నకళ్లు ఉన్నాయి కాబట్టి దానితోనే తృప్తిపడవద్దు. వాచీ మీకు చేరి, తెలిసినవారు వెనక మూత తీసి చూసేదాకా డబ్బు మూడో పక్షం దగ్గరే ఉంచే ఎస్క్రో పద్ధతికి అమ్మేవారు ఒప్పుకోకపోతే బేరం మానుకోండి. ఆ ఎస్క్రో సంస్థను కూడా మీరే ఎంచుకుని, చిరునామా స్వయంగా టైపు చేసి తెరవండి, ఎందుకంటే అమ్మేవారు పంపే లంకె అచ్చం అలాగే కనిపించే దొంగ సైటుకు తీసుకుపోవచ్చు.