పువ్వే లేని పూల సెంటు: ఫ్యాషన్ కంపెనీలు చేసేది మోసమా, కాదా?

తెనాలిజాజి:
అందరికీ నమస్కారం. మొన్న మా తమ్ముడు డల్లాస్ నుంచి వస్తూ ఒక పెద్ద ఫ్యాషన్ కంపెనీ సెంటు తెచ్చాడు. డబ్బా మీద తెల్లగా, బుల్లి గంటల్లా వేలాడే పూల బొమ్మ. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అట, ఫ్రెంచివాళ్లు ముగే అంటారు. మంచుకు తడిసిన పచ్చగడ్డి వాసన, వెనకాల సన్నగా తీపి. నాకు చాలా నచ్చింది, రోజూ పూసుకుంటున్నాను. తీరా తెలిసిందేమిటంటే, ఆ పువ్వు నుంచి మామూలు పద్ధతుల్లో అమ్మకానికి సరిపడా నూనె తీయడం కుదరదట. అంటే సీసాలో ఆ పువ్వు చుక్క కూడా లేనట్టే. బస్తా మీద సోనా మసూరి అని రాసి లోపల ఇంకో బియ్యం పోస్తే మనం ఊరుకుంటామా? నా లెక్కలో ఇది మోసమే. మీరేమంటారు?

మగ్గంవర్క్:
జాజి గారూ, నేను ఒప్పుకోను. పదిహేనేళ్లుగా బొటిక్ నడుపుతున్నాను, పూలు లేకుండా నా పని ఒక్కరోజు కూడా గడవదు. అయినా నేను జాకెట్టు మీద కుట్టే తామరలో తామర ఉండదు కదండీ.

ముగే సంగతే తీసుకోండి. ఫ్రెంచి ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్‌ది చిన్నప్పుడు ఫ్రాన్స్‌లోని గ్రాన్‌విల్‌లో సముద్రం పక్కన ఇల్లు, వాళ్లమ్మ పెంచిన తోట. ఆ తోట ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1947 ఫిబ్రవరిలో మొదటి కలెక్షన్ చూపించినప్పుడు అందులో ఒక వరస పేరే 'కొరోల్', అంటే పూరేకుల వలయం. సన్నటి నడుము, కింద విచ్చుకున్న గౌను. ఆడమనిషిని పువ్వులా చూపించాలన్నదే ఆయన తపన. ముగే అంటే ఆయనకు అదృష్టం. ఎవరికీ కనపడకుండా గౌను అంచు మడతలో దాని రెమ్మ పెట్టి కుట్టించేవాడు. అమ్మకానికైతే కనపడేలా పెట్టేవాడు కదా! 1956లో ఆయన కంపెనీ కోసం 'డియోరిసిమో' సెంటు చేసిన ఎడ్మండ్ రుద్నిత్‌స్కా, ఫ్రాన్స్‌లో సెంట్లకు పేరుపడ్డ గ్రాస్ అనే ఊరి దగ్గర కాబ్రిస్‌లోని తన తోటలో ముగే మొక్కలు నాటి, అవి పూసినప్పుడు వాసన చూసుకుంటూ ఆ సెంటు కుదిర్చాడు. నూనె ఇవ్వని పువ్వు మీద అంత శ్రమ పెట్టడాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు.

ఇంకోటి. ఫ్యాషన్ కంపెనీ షనెల్ గుర్తుగా పెట్టుకున్న కమేలియా పువ్వుకు వాసనే లేదు. మన కనకాంబరానికీ లేదు. అయినా మా అమ్మమ్మ కనకాంబరాలు కట్టేటప్పుడు నాలుగు పూలకో మరువం రెమ్మ వేసి నారతో ముడి బిగించేది. రంగు ఒకదానిది, వాసన ఇంకొకదానిది, దండ మాత్రం ఒక్కటే. సెంటు చేసేవాడూ అదే కదా చేస్తున్నాడు?

గోదారిగట్టు:
అక్కా, పోలిక బాగుంది గానీ అతకదు. మరువం వేసిన సంగతి కంటికి కనపడుతుంది. పూలమ్మి కూడా 'కనకాంబరం, మరువం, మూర ఇంత' అని చెప్పే అమ్ముతుంది. సీసా మీద బొమ్మ వేసినవాడు లోపల ఏముందో చెప్పడం లేదు. జాజి గారి బాధ అదీ.

ల్యాబ్‌కోటు:
క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను కాబట్టి ఒక మాట. జాజి గారూ, డబ్బా అడుగున సన్న అక్షరాలు చూడండి. హైడ్రాక్సీసిట్రోనెల్లాల్ అని ఉందా?

తెనాలిజాజి:
ఉందండీ! ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే కనిపించింది. ఆల్కహాల్, పర్ఫ్యూమ్, లినలూల్, తర్వాత మీరన్నది. పువ్వు పేరు మాత్రం ఎక్కడా లేదు.

ల్యాబ్‌కోటు:
మీ ముక్కుకు ముగేలా అనిపించేదాంట్లో చాలా భాగం అదే. ల్యాబ్‌లో తయారైన పదార్థం, వందేళ్ల పైనుంచీ వాడుకలో ఉంది. ఆ పేరు డబ్బా మీద వేసింది కూడా నిజాయితీ కొద్దీ కాదు. కొందరికి ఎలర్జీ తెస్తుంది కాబట్టి యూరప్ చట్టం వేయమంది. మిగతా మిశ్రమమంతా 'పర్ఫ్యూమ్' అనే ఒక్క మాట వెనక దాక్కోవచ్చు. ఇదే ముగే వాసన కోసం వాడిన లిలియాల్‌ను 2022 మార్చి నుంచి యూరప్‌లో కాస్మెటిక్స్‌లో నిషేధించారు. అందుకని లోపల ఏముందో అడగడం మన హక్కు.

అలాగని ల్యాబ్ అంటే నకిలీ, పువ్వు అంటే అసలు అనుకోవద్దు. 1921లో షనెల్ కోసం ఎర్నెస్ట్ బో చేసిన నంబర్ 5 సెంటు పేరు ఆల్డిహైడ్లనే ల్యాబ్ పదార్థాల వల్లే మోగింది, కానీ ఆ మెరుపు కింద గ్రాస్ జాజి, రోజా ఉన్నాయి. 1966లో వచ్చిన డియోర్ సెంటు 'ఓ సోవాజ్'కి ప్రాణం హెడియోన్. జాజి వాసనలో ఉండే ఒక పదార్థాన్ని చూసి ల్యాబ్‌లో చేసిన అణువు అది. పువ్వును అంత దగ్గరగా చూసినవాళ్లే అలాంటివి కనిపెట్టగలరు. నూనె తీయడమూ చిన్న పనేం కాదు. మల్లె, జాజి ఆవిరికి తట్టుకోవు. ద్రావకంలో నానబెట్టి తీస్తే మైనంలాంటి ముద్ద వస్తుంది, దాన్ని కాంక్రీట్ అంటారు. దాన్ని ఆల్కహాల్‌తో కడిగితే వచ్చేది అబ్సొల్యూట్. జాన్ పతూ కంపెనీ 1930లో తెచ్చిన 'జాయ్' సెంటుకి వాళ్లు చెప్పుకున్న లెక్క: 30 మిల్లీలీటర్లకు 10,600 జాజులు, 28 డజన్ల రోజాలు. ప్రతి సీసాకూ అంత పువ్వు పోయాలంటే ఎవరు కొనగలరు?

మదురైతెలుగు:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, ఇక ఉండబట్టలేదు. సీసాలో పువ్వు ఉందా లేదా అని వాదించుకుంటున్నారు. ఉన్న చోట ఏం జరుగుతోందో కూడా అడగండి.

మేం తరాల కిందట ఇటు మదురై వైపు వచ్చిన తెలుగువాళ్లం. మా మేనమామకు మల్లెతోట ఉంది. చీకటి ఉండగానే తలకు లైట్ కట్టుకుని దిగుతారు. ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గనే తుంచాలి. నిన్నటిది పనికిరాదు, రేపటిది ఇంకా పచ్చిగా ఉంటుంది. ఒక్కో మొగ్గా గోటితో గిల్లాలి, గుప్పెడు నిండితే నడుముకు కట్టిన సంచిలో వేయాలి. ఎండెక్కేలోపు మార్కెట్‌కు చేరకపోతే ధర పడిపోతుంది. పెళ్లిళ్ల రోజుల్లో పూలకు రెక్కలొస్తాయి. ఎండాకాలం పూత విరగబడినప్పుడు అడిగే దిక్కుండదు, అప్పుడు మిగిలినది తక్కువ ధరకు నూనె ఫ్యాక్టరీకి పోతుంది. మదురై మల్లికి 2013లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకు ఇదేనని చెప్పే ముద్ర, వచ్చింది, సంతోషమే. కానీ మా అత్తకు ఆమె గిల్లిన మొగ్గ ఏ ఊళ్లో ఏ సీసాలోకి వెళ్లిందో ఇప్పటికీ తెలియదు.

గ్రాస్ చూడండి. ఒకప్పుడు తోళ్లు ఊనే ఊరు. తోలు కంపు పోగొట్టడానికి చేతి తొడుగులకు సుగంధం పట్టించారు, అక్కడి నుంచి సెంట్ల ఊరైంది. దాని పక్కనే పెగోమాస్‌లో ఒక రైతు కుటుంబంతో షనెల్ 1987 నుంచి ఒప్పందం మీద జాజి, రోజా సాగు చేయించుకుంటోంది. గ్రాస్ ప్రాంతపు సుగంధ విద్యను 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ పూలు కోసే చేతులకు ఫొటోలు తీస్తారు. ఈజిప్టులో జాజి కోసేవాళ్లలో పసిపిల్లలు ఉన్నారని 2024లో బీబీసీ బయటపెట్టింది. పువ్వంటే ప్రేమ ఉంటే అక్కడా ఇక్కడా ఒకేలా ఉండాలి కదా.

మగ్గంవర్క్:
మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. 2012లో డియోర్‌లో డిజైనర్ రాఫ్ సిమన్స్ మొదటి కూటూర్ (ఖరీదైన చేతికుట్టు దుస్తుల) షోకి గోడలన్నీ పూలతో కప్పేశారు. దాదాపు పది లక్షల పూలని రాశారు. ఆ ఫొటోలు ఇప్పటికీ నా షాపు గోడ మీద ఉన్నాయి. కోసినవాళ్ల గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ముగే విషయంలో నా మాట మార్చుకోను, అది కళే. కానీ నిజమైన మల్లె వాడి, దాని పేరు చెప్పుకుని అమ్మేవాళ్లు ఏ ఊరి మల్లో చెప్పాలి. చీర మీద నేసిన ఊరు చెప్పడం లేదా?

గోదారిగట్టు:
ఆ మాటతో నేనూ కలుస్తాను. ఇంకో సంగతి. ఫ్యాషన్ కంపెనీ గుచ్చి 2017లో తెచ్చిన 'బ్లూమ్' సెంటు ప్రకటనలో రంగూన్ క్రీపర్ అని ఒక పువ్వు పేరు గొప్పగా చెప్పారు. ఏమిటా అని చూస్తే మన రాధామనోహరం! సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, ఆపైన ఎర్రబడేది. మా గేటు మీద తీగంతా అదే.

తెనాలిజాజి:
అయ్యో, రాధామనోహరమా! మా ఇంటి వెనక గోడ మీద పాకింది, ఎన్నాళ్లనుంచో కొట్టించేద్దామనుకుంటున్నాను. ఇక కొట్టించను.

సరే, మోసం అన్న మాట ముగే వరకు వెనక్కి తీసుకుంటున్నాను. డబ్బా మీద 'ఈ పువ్వు నూనె ఇందులో లేదు, దాని వాసనను పోలినది చేశాం' అని ఒక్క ముక్క రాసి ఉంటే నాకసలు బాధే ఉండేది కాదు, కొనేదాన్ని కూడా. ల్యాబ్‌కోటు గారూ, అలా రాయమని కస్టమర్‌గా ఎవరికి రాయాలి? మదురై అన్నా, మీ అత్తగారు కోసిన మొగ్గలు ఏ ఫ్యాక్టరీ కొన్నదో రసీదు మీద ఉంటుందా? ఉంటే అక్కడి నుంచి వెతుక్కుంటూ వెళ్లొచ్చేమో.

మదురైతెలుగు:
రసీదా? చిన్న కాగితం ముక్క మీద బరువు, రేటు రాసి ఇస్తారమ్మా, అంతే. ఫ్యాక్టరీ పేరు ఉండదు. అయినా రేపు తెల్లారి తోటకు వెళ్తున్నాను, అత్తనూ తూకం వేసే ఆయన్నీ అడిగి చెప్తాను.