హైఫాలో అరబ్బు, యూదు కుటుంబాల ఇరుగుపొరుగు జీవితం గురించి తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారం. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో అరబ్బు, యూదు కుటుంబాలు, ఆ దేశం ఏర్పడిన 1948 తరువాత ఒకే ఊరిని ఎలా పంచుకున్నాయో తెలుసుకోవాలని కొంతకాలంగా చదువుతున్నాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో యూదు సేనలు ఊరిని పట్టుకున్నప్పుడు, వెళ్లిపోవద్దని యూదు మేయరు షబ్తాయ్ లెవీ వేడుకున్నప్పటికీ, 60 వేలకు పైగా ఉన్న అరబ్బుల్లో కొన్ని వేలమందే మిగిలారని, వారిలో చాలామందిని వాదీ నిస్నాస్ పేటకు చేర్చారని తెలిసింది. యుద్ధ సమయంలో ఇళ్లు విడిచినవారిని గైర్హాజరైనవారిగా లెక్కించి, వారి ఆస్తుల గురించి 1950లో చేసిన చట్టం వల్ల, దేశంలోనే ఉంటూ సొంత ఇల్లు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారన్న సంగతి నన్ను ఎంతగానో కలచివేసింది. అరబ్బులు వెళ్లిపోయి ఖాళీ అయిన వాదీ సాలిబ్ పేట ఇళ్లలో కాపురం పెట్టిన మొరాకో యూదులదీ పేదరికమే. తమపై వివక్షకు నిరసనగా వారు చేసిన 1959 నాటి అల్లర్లు అక్కడే మొదలయ్యాయి.

నా ప్రశ్న ఇది. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబమూ, ఆ ఇంట్లో చేరిన కుటుంబమూ బజారులోనో ఆసుపత్రిలోనో ఎదురుపడినప్పుడు ఆ ఇంటి ప్రస్తావన వచ్చేదా, లేక ఇరువైపులా మౌనమేనా? 2006లో లెబనాన్‌లోని హెజ్బొల్లాతో జరిగిన యుద్ధంలో రాకెట్లు వాదీ నిస్నాస్ మీద కూడా పడ్డాయి కదా, అప్పుడు ఇరుగుపొరుగు ఏమనుకున్నారు? ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న తెలుగువారు అక్కడి పెద్దల నోట విన్నదేమైనా ఉంటే, వారి పేర్లు లేకుండా పంచుకోవలసిందిగా కోరుతున్నాను.